అమ్మ నోట్‌బుక్‌లో కామాలు

మొన్న ఆదివారం న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్‌లో అమ్మ క్లోజెట్ సర్దుతూ, చలికోట్ల వెనక నుంచి నల్లటి పెట్టె ఒకటి ఈడ్చి హాల్లోకి తెచ్చి, "ఇది ఉంచుదామా, ఎవరికైనా ఇచ్చేద్దామా?" అని అడిగింది. నేల మీద కూర్చుని గొళ్ళేలు తీశాను. ముందు వాసనే వచ్చింది. పాత ఇత్తడి, నీలం మఖమల్ గుడ్డలో ఇంకిన చెమ్మ, కార్కులకు పూసే మైనం, అన్నిటికీ అడుగున, సాక్సోఫోన్ మూతికి బిగించి ఊదే రెల్లు ముక్క నోట్లో నానిన వాసన. వాన వెలిశాక మూలనున్న చీపురుకట్ట దగ్గర వస్తుందే, అలాంటిది. సాక్సోఫోన్ కింద, అట్ట ఊడిపోయిన లాంగ్ నోట్‌బుక్ ఉంది. విజయవాడ నుంచి వచ్చేటప్పుడు అమ్మ తన కీర్తనలు రాసుకుందామని తెచ్చుకున్న రెండొందల పేజీల రూళ్ళ పుస్తకం. అందులో కీర్తన ఒక్కటీ లేదు. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఉన్నది జాజ్, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, సరిగమల్లో రాసిన జాజ్. దాన్ని చూడగానే నాకు పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసప్పటి సిగ్గంతా మళ్ళీ చెవుల దాకా పాకింది.

మేము అమెరికా వచ్చింది 2001 జనవరిలో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు. ముందు దిగింది నోవైలో. డెట్రాయిట్ పక్కన ఉండే ఆ ఊళ్ళో నాన్నకి కార్ల ఫ్యాక్టరీలకు ప్రోగ్రాములు రాసిపెట్టే ఉద్యోగం. దిగిన రోజు మొదలైన మంచు మార్చి దాకా ఆగకుండా కురిసినట్టే నాకు గుర్తు. పార్కింగ్‌లో బండి తోసిపోసిన మంచు గుట్టలు ముందు తెల్లగా, తర్వాత బూడిదగా, ఏప్రిల్ నాటికి బొగ్గులా నల్లగా మారి, అయినా కరగకుండా మొండికేసి కూర్చునేవి. ఆ కాంప్లెక్స్‌లోని తెలుగు పిల్లలం పదిమందిమీ మైక్రోవేవ్‌లొచ్చిన అట్టపెట్టెలు పరుచుకుని వాటి మీద నుంచి జారేవాళ్ళం. నాన్న ఐస్ గీకే పుల్ల కొనడం దండగని పాత సీడీ డబ్బా మూతతో కారు అద్దం గీక్కుని, లోపలికొచ్చి ఎర్రబడ్డ వేళ్ళు చూపించి మెచ్చుకోలు ఆశించేవాడు. చలికి ఇడ్లీ పిండి పులవదని అమ్మ అవెన్‌లో లైటు వేసి గిన్నె అందులో దాచేది. పులిహోరకి పోపు పెడితే చాలు, పొగ అలారం మోగి బిల్డింగంతా స్వెటర్లలో, హవాయి చెప్పుల్లో మంచులోకొచ్చి నిలబడేది, అమ్మ మాత్రం ఇదెవరింటి నిర్వాకమో అన్నట్టు అందరి వైపూ చూసేది. హీటర్ మీద ఆరేసిన మేజోళ్ళ వాసన, కారిడార్‌లో ఒక్కో తలుపు దగ్గర ఒక్కో కూర వాసన, జూన్ వచ్చాక బాల్కనీ బకెట్లలో మొలిచే గోంగూర పులుపు, ఇవే నాకు తెలిసిన ఋతువులు.

అమ్మ విజయవాడలో సంగీతం డిప్లొమా చేసింది. సాయంత్రాలు మా వరండాలో పిల్లలకు సరళీస్వరాలు చెప్పేది. ఇక్కడ ఆమె వీసా నాన్న వీసాకి తోక. ఉద్యోగం చేయకూడదు, పాఠాలు చెప్పి పైసా పుచ్చుకోకూడదు. అమ్మ పాట మానేసిందని ఎవరూ అనలేదు, తనూ అనలేదు. గోడ అవతలి వాళ్ళు కంప్లైంట్ చేస్తారేమోనని మిక్సీ తిరుగుతున్నంత సేపే గొంతు విప్పేది. అందువల్ల మా ఇంట్లో సంగీతం కొబ్బరి పచ్చడి నలిగేంత సేపే వినబడేది.

ఆరో తరగతిలో బడివాళ్ళు బ్యాండ్‌లో చేరే పిల్లలకోసం జిమ్‌లో బల్లలు వేసి వాయిద్యాలన్నీ పరిచారు. తెలుగు పిల్లల తల్లులు ఫ్లూట్ దగ్గరా క్లారినెట్ దగ్గరా వరస కట్టారు, కార్లో పట్టడానికి, అపార్ట్‌మెంట్‌లో దాచడానికి తేలిక కనక. మా అమ్మ మాత్రం చివరి బల్ల దగ్గర ఎవరో ఊదుతున్న సాక్సోఫోన్ ముందు ఆగిపోయింది. "సన్నాయి గొంతే దీనిది. కాకపోతే జలుబు చేసిన సన్నాయి," అంది. నేను దేన్నీ కోరుకున్న పిల్లని కాదు. అమ్మ మొహంలో విజయవాడ వరండా కనిపించింది కాబట్టి సరే అన్నాను.

నేర్పించడానికి దొరికిన మనిషి మిస్టర్ హోలిస్. ఇండియన్ గ్రోసరీకి రెండు తలుపుల అవతల ఒక వాయిద్యాల కొట్టు ఉండేది. దాని వెనక గదిలో గోడలకు కూడా కార్పెట్ అంటించి ఉండేది, ఎప్పుడూ కాఫీ, పిప్పర్‌మెంట్ వాసన. శనివారాలు ఆయన అక్కడ పాఠాలు చెప్పేవాడు. అరవై దాటిన నల్లజాతి మనిషి, బాగా పొడగరి, ఇస్త్రీ చొక్కా, అంచు టోపీ. గదిలోకి రాగానే టోపీ తీసి స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండ్ మీద బోర్లించేవాడు, మనకిక్కడ చదివే పనేమీ లేదని చెప్పినట్టు. పగలంతా ఒక కార్ల ఫ్యాక్టరీలో రంగులు కొట్టే సెక్షన్‌లో పనిచేసి, సాయంత్రాలు డెట్రాయిట్ క్లబ్బుల్లో టెనర్ సాక్సోఫోన్ వాయించి, రెంటి నుంచీ రిటైరైన మనిషి. ఆయన వాయించింది ఏ రికార్డులోనూ లేదు. అడిగితే, "ఎవరూ అడగలేదు, నేనూ అడిగించుకోలేదు," అనేవాడు.

మొదటి శనివారం అమ్మ గుమ్మం బయట బూట్లు విప్పి, నా చేత విప్పించి, సాక్సోఫోన్‌ని కళ్ళకద్దించి, కుర్చీ వేసినా కూర్చోకుండా మూలన నేల మీద కూర్చుంది. గురువు ఎదురుగా కుర్చీలో కూర్చోకూడదన్నది ఆమె లెక్క. మిస్టర్ హోలిస్ కాసేపు ఆ బూట్ల వంక, కాసేపు అమ్మ వంక చూసి, తన బూట్లు కూడా విప్పేశాడు. ఆయన మేజోళ్ళకి బొటనవేలి దగ్గర చిరుగు ఉండేది. ఆయన దగ్గర నేర్చుకున్న మూడేళ్ళూ ఆ గదిలో పాఠం బూట్లు లేకుండానే జరిగింది.

ఆయన డెట్రాయిట్ ఇంగ్లీషు అమ్మకి సగం అర్థమయ్యేది కాదు, వెనక్కొచ్చేటప్పుడు కార్లో నేను తెలుగులో చెప్పేదాన్ని. అందుకే ఆయన మాటలు నాకిప్పటికీ తెలుగులోనే గుర్తొస్తాయి. ఈ సంగీతం ఎక్కడ పుట్టిందో తెలియకుండా ఊదితే బూర ఊదినట్టే అని ఆయన ఒక్కో వారం కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చాడు. ఓడల్లో గొలుసులతో ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషులు పత్తి చేలల్లో పని చేస్తూ పాడుకున్న పాటలు. ఒకడు ముందు పిలిస్తే మిగతావాళ్ళంతా కలిసి బదులు చెప్పే పాటలు. చర్చిలో అదే పిలుపు, అదే బదులు. న్యూ ఆర్లియన్స్ రేవులో పటాలాలు వదిలేసిన పాత ట్రంపెట్లూ డ్రమ్ములూ వీళ్ళ చేతికొస్తే, కవాతు పాటల్నే నడుం కాస్త ఊగేలా వాయించారట. ఎవరన్నా పోతే శవం వెనక బ్యాండ్ నెమ్మదిగా, ఏడుపు పాట వాయిస్తూ శ్మశానానికి వెళ్ళేదట, పూడ్చిపెట్టాక మాత్రం హుషారుగా వాయించుకుంటూ, చిందులేస్తూ తిరిగొచ్చేదట. ఇది వినగానే కారు తోలుతున్న నాన్న, వరంగల్ మనిషి, తల తిప్పి, "మా దగ్గర గూడ పోయేటప్పుడు డప్పు కొడ్తరు. వచ్చేటప్పుడు మాత్రం ఎవడింటికి వాడు సప్పుడు లేకుంట పోతడు," అన్నాడు.

అక్కడి నుంచి ఆ సంగీతం పని వెతుక్కునే మనుషులతో పాటు రైలెక్కి షికాగో, డెట్రాయిట్ వచ్చింది. పెద్ద హాళ్ళలో పదిహేను ఇరవై మంది కలిసి వాయిస్తుంటే జనం నాట్యం చేసిన కాలం ఒకటి. దాన్ని స్వింగ్ అన్నారు. నాట్యానికి వాయించీ వాయించీ విసిగిన కుర్రాళ్ళు చిన్న గదుల్లో, కాళ్ళు అందుకోలేనంత వేగంగా, స్వరాలు గుప్పించి వాయించిన కాలం తర్వాతిది, అది బీబాప్. ఆ వేగానికీ విసిగి, చల్లగా, తొందర లేకుండా వాయించిన వాళ్ళు మరికొందరు. శ్రుతులు మార్చుకుంటూ పరిగెత్తడం మానేసి ఒకే స్వరాల వరస మీద సేపటిదాకా నిలబడి దాన్ని విప్పిన వాళ్ళు ఇంకొందరు. ఈ చివరిది వాయించి చూపినప్పుడు అమ్మ మూలన కళ్ళు మూసుకుని, "ఇది ఆలాపనేనే, వీళ్ళు మనకి చెప్పకుండా పట్టుకెళ్ళారు," అని గొణిగింది. తాళమూ శ్రుతీ రెండూ వదిలేసి ఎవరికి తోచింది వాళ్ళు వాయించే పద్ధతి కూడా ఒకటుందని ఆయన రెండు నిమిషాలు వినిపిస్తే మాత్రం, పెన్ను మూతపెట్టి పుస్తకం మూసేసింది.

పుస్తకం సంగతి చెప్పాలి. తెలుగు తల్లి ఏ క్లాసుకెళ్ళినా ఒక నోట్‌బుక్ వెంట ఉంటుంది. కూచిపూడి, లెక్కలు, ఈత, ఏదైనా సరే, పిల్ల మరిచిపోతుందని తల్లి రాసుకుంటుంది. మా అమ్మ మిస్టర్ హోలిస్ వాయించినదల్లా వింటూ వింటూనే స్వరాల్లో రాసేది. పక్కవాళ్ళు చెప్పుకునే మాటలు రాసుకున్నంత తేలిగ్గా రాసేది. బ్లూస్ అనే పాటకి పన్నెండు గళ్ళుంటాయి, గడికి నాలుగు దెబ్బలు. ఒక మాట నాలుగు గళ్ళు, అదే మాట మళ్ళీ నాలుగు గళ్ళు, చివరి నాలుగు గళ్ళలో దానికి జవాబు. అమ్మ స్కేలు పెట్టి పన్నెండు గళ్ళు గీసి అందులో స్వరాలు నింపేది. బ్లూస్‌లో గాంధారం అటు మన చిన్న గాంధారమూ కాదు, ఇటు పెద్దదీ కాదు, మధ్యలో ఎక్కడో మూలుగుతూ ఉంటుంది. దానికి గ రాసి నెత్తి మీద చిన్న తోక గీసేది. రెండు స్వరాలు సమంగా కాకుండా ఒకటి సాగి ఒకటి తూలే ఆ ఊపుని, "తకిటలో మధ్య అక్షరం మింగేస్తున్నాడే," అని వెంటనే పట్టేసింది. ఆయన ఆగిన చోటల్లా కామా పెట్టేది. మన పద్ధతిలో కామా అంటే అక్కడ ఒక అక్షర కాలం ఆగాలి.

అమ్మకి పట్టుబడనిది చప్పట్లు. మొదటి దెబ్బకి చెయ్యి తనంతట తనే తొడ మీద పడేది. మిస్టర్ హోలిస్ అమ్మ ముందు నేల మీద గొంతుకూర్చుని, "ఒకటి మీద కాదమ్మా, రెండు మీద, నాలుగు మీద. ఒకటి ఎక్కడికీ పోదు, దాన్ని వదిలెయ్యండి," అని తన చేత్తో చూపించేవాడు. నాలుగు సార్లు సరిగ్గా కొట్టి, ఐదోసారి అమ్మ మళ్ళీ ఒకటికే వచ్చేసేది. అప్పుడు ఇద్దరూ నవ్వేవాళ్ళు. అమెరికాలో అమ్మ చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వడం నేను ఆ గదిలోనే చూశాను. దసరాకి ఆయనకి పళ్ళెంలో పళ్ళూ తమలపాకులూ పెట్టి శాలువా ఇస్తే, ఆయన ఆ చలికాలమంతా ఆ జరీ శాలువాని మఫ్లర్‌లా మెడకి చుట్టుకుని తిరిగాడు.

వారమంతా ఇంట్లో నా సాధన ఆ పుస్తకంలోంచే. బడి నుంచి రాగానే అమ్మ పప్పు మెదుపుతూ స్వరం పాడేది, నేను హాల్లో నిలబడి అదే వాయించేదాన్ని, తోక దగ్గర తోక, కామా దగ్గర కామా. అమ్మ గొంతు మిక్సీ చాటు నుంచి బయటికొచ్చింది అందువల్లేనని నాకు తెలుసు, అందుకే ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. శనివారం ఆయన ముందు వాయిస్తే ఆయన తల ఊపేవాడు. మొదటి ఏడాది తల ఊపాడు. రెండో ఏడాది తల ఊపి, "ఇది నాది. నీది వాయించు," అనడం మొదలుపెట్టాడు.

జాజ్ అంతా అక్కడే ఉందని ఆయన చెప్పేవాడు. పాట అందరిదీ, గళ్ళు అందరివీ, నీ వంతు వచ్చినప్పుడు ఆ పన్నెండు గళ్ళూ నీవి, అందులో అప్పటికప్పుడు నీకు తోచింది నువ్వు చెప్పాలి, అది నిన్న చెప్పింది కాకూడదు. "తప్పు వాయిస్తే మళ్ళీ అదే తప్పు వాయించు, అప్పుడది తప్పు కాదు," అనేవాడు. నాకు ఆ మాట నవ్వులాటలా వినబడేది. మా ఇంట్లో తప్పు అంటే అర్థం వేరు. నాన్న వీసా ఫారంలో ఒక గడి తప్పు నింపితే అందరం వెనక్కి వెళ్ళాలి. నేను పరీక్షలో తప్పు రాస్తే ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? తప్పు లేకుండా ఉండటమే నాకొచ్చిన ఏకైక విద్య. సీడీలో వెనక పియానో, బాస్, డ్రమ్స్ పెట్టి, "ఇక నీ పన్నెండు," అని ఆయన వేలు చూపించగానే నా నోట్లో రెల్లు ముక్క ఎండిపోయేది. పన్నెండు గళ్ళూ ఖాళీగా గడిచిపోయేవి. ఆయన కోప్పడేవాడు కాదు. "వచ్చే వారం," అనేవాడు. ఆయన నా దగ్గర ఇంకేదీ అడగలేదు.

ఆ మూడో చలికాలం ఆయనకి దగ్గు పట్టుకుంది. పిప్పర్‌మెంట్ బిళ్ళలు ఒకటి అయ్యేలోపే ఇంకొకటి నోట్లో వేసుకునేవాడు. అమ్మ మిరియాల కషాయం ఫ్లాస్కులో పట్టుకెళ్ళేది, ఆయన మొహం ముడుచుకుని తాగేసేవాడు. నాన్న ఒకసారి మమ్మల్ని తీసుకెళ్ళడానికి లోపలికొచ్చినప్పుడు, ఏం పని చేస్తావని ఆయన అడిగాడు. రంగులు కొట్టే రోబోలకి ప్రోగ్రాములు రాస్తానని నాన్న చెప్పాడు. మిస్టర్ హోలిస్ గట్టిగా నవ్వి, ఆ నవ్వు దగ్గయి, ఆ దగ్గు ఆగక గోడ పట్టుకుని, చివరికి, "మంచి పని. రోబోకి దగ్గు రాదు," అన్నాడు. మేమూ నవ్వాం. మిషిగన్ చలి కదా, అందరికీ దగ్గే అనుకున్నాం.

2007 ఉగాదికి మా తెలుగువాళ్ళ ఫంక్షన్ ఒక హైస్కూల్ ఆడిటోరియంలో. కూచిపూడికీ పిల్లల ఫ్యాన్సీ డ్రెస్‌కీ మధ్య నాకు ఆరు నిమిషాలు ఇచ్చారు. సినిమా పాట వాయించమని, కార్యక్రమాలు చూసే కల్చరల్ ఆంటీ ఒత్తిడి. అమ్మ ససేమిరా అంది, బ్లూస్ వాయిస్తుంది అంది. ఆయన్ని పిలుద్దామన్నది కూడా అమ్మే. ఫంక్షన్‌కి ముందు శనివారం మిస్టర్ హోలిస్ నాకు ప్లాన్ వేసిచ్చాడు: మొదటి పన్నెండు గళ్ళ చుట్టు పాట, రెండో చుట్టు తను నేర్పింది, మూడో చుట్టు నాది. "ముందు వరసలో కూర్చుంటాను. ఆ మూడో చుట్టు కోసమే వస్తాను," అన్నాడు.

ఆ వారమంతా నేను అన్నం సరిగ్గా తినలేదు. గురువారం వంటింటి గట్టు దగ్గర ఏడ్చేశాను. "నా వల్ల కాదమ్మా. నాకేం రాదు. అంతమంది ముందు ఖాళీగా నిలబడతాను."

అమ్మ చెయ్యి కడుక్కుని పుస్తకం తెచ్చి చివరి పేజీలు తిప్పింది. "ఇదుగో, నెల కిందట ఆయన ఊరికే వాయించాడు చూడు, ఒక్కసారే వాయించాడు. నీకు నేర్పలేదు కూడా. ఆయనకి గుర్తుండదులే. ఇది వాయించెయ్యి," అంది. నా తల్లి నన్ను కాపాడింది అనుకున్నాను. రెండు రోజుల్లో కామాతో సహా కంఠతా పట్టాను.

ఆయన సూటు వేసుకుని, మెడలో శాలువాతో వచ్చాడు. ఎవరో ప్లాస్టిక్ కప్పులో ఉగాది పచ్చడి చేతిలో పెడితే ఒక గుటక వేసి, కాసేపు ఆలోచించి, మర్యాదకి ఆ కప్పు చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు. స్టేజి మీద లైట్ల వేడి, మల్లెపూలూ హెయిర్ స్ప్రే కలిసిన వాసన, వెనక క్యాంటీన్ నుంచి బొబ్బట్ల నెయ్యి వాసన. మొదటి చుట్టు అయింది. రెండో చుట్టు అయింది. మూడో చుట్టుకి ఆయన కాస్త ముందుకి వంగి, కప్పు నేల మీద పెట్టాడు. నేను కళ్ళు మూసుకుని అమ్మ పేజీ వాయించాను. ఒక్క స్వరం పోలేదు. నాలుగో గడిలో రెండు కామాలు, ఏడో గడి సగం కామాలు, తొమ్మిదో గడిలో స్వరం మధ్యలో తెగి మూడు కామాలు, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఆగాను. అంకుల్స్ ఈలలు వేశారు. మైకు పట్టుకున్నాయన "వన్స్ మోర్" అన్నాడు. కళ్ళు తెరిస్తే మిస్టర్ హోలిస్ ఒక్కడే చప్పట్లు కొట్టడం లేదు.

తర్వాత కారిడార్‌లో, మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆయన మా కోసం నిలబడ్డాడు. పక్కన అమ్మ ఉంది.

"తొమ్మిదో గడిలో ఎందుకు ఆగావు?" అని అడిగాడు.

"మీరు అక్కడ ఆగుతారు కదా," అన్నాను. ఇంకా మెచ్చుకుంటాడనే అనుకుంటున్నాను.

"నేను ఆగలేదు, తల్లీ. నాకు ఊపిరి అందలేదు."

కుళాయి లోపల నీళ్ళు చల్లబరిచే మోటారు గుర్రుమంటోంది. ఆయనే మళ్ళీ అన్నాడు, "నీ ఊపిరి నీకుందిగా. నాది నీకెందుకు?" కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు అన్నాడు, అదే నేను తట్టుకోలేకపోయింది. అమ్మకి ఆ ఇంగ్లీషు నేను తెలుగులో చెప్పక్కర్లేకపోయింది. వెళ్ళిపోతూ ఆయన టోపీ పెట్టుకుని, "వచ్చే శనివారం. పన్నెండు," అన్నాడు.

ఆ వచ్చే శనివారం నేను వెళ్ళలేదు. జ్వరమని చెప్పాను. ఆ పైవారం టెస్ట్ ఉందన్నాను. మూడో వారం ఏ సాకూ చెప్పలేదు, గదిలో తలుపేసుకుని పడుకున్నాను. అమ్మ అడగలేదు, పుస్తకం ఫ్రిజ్ మీద పెట్టేసి మళ్ళీ మిక్సీ వేసుకుంది. నాలుగో శనివారం నాన్నే కేకలేసి ఇద్దర్నీ కారెక్కించాడు. కొట్లో కౌంటర్ దగ్గరుండే ఆవిడ మమ్మల్ని చూడగానే చేతిలో పని ఆపేసింది. ఆయన పోయి పది రోజులైందట. ఊపిరితిత్తులట, చాన్నాళ్ళుగా ఉన్నదేనట, మీకు తెలుసనుకున్నాను అంది. మొదటి రెండు శనివారాలూ ఆయన వచ్చి, మా టైముకి గదిలో కూర్చుని, టైమయ్యాక వెళ్ళిపోయాడట. అంత్యక్రియలు అయిపోయాయి. బ్యాండ్ వచ్చిందా అని నాన్న అడిగాడు. తనకి తెలియదంది. వెనక గది తలుపు తీసే ఉంది. అమ్మ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, లోపలికి వెళ్ళకుండా, మళ్ళీ తొడుక్కుంది. ముగ్గురం చప్పుడు లేకుండా ఇంటికొచ్చేశాం.

ఇంటికొచ్చాకే అమ్మ అంది, "అంతా రాశానే. వారం వారం రాశానే. రాసి కూడా నాకు తెలీలేదే."

ఆ పైఏడాది నాన్న ఉద్యోగం పోయింది. ఆయన రోబోలూ ఆగిపోయాయి, ఆ ఊళ్ళో చాలామందివి పోయాయి, ఒక్కో వారం ఒక్కో తెలుగు ఇల్లు ఖాళీ అయి కారిడార్‌లో ఒక్కో కూర వాసన తగ్గిపోయింది. మేము న్యూజెర్సీ వచ్చేశాం. వాయిద్యాల కొట్టు మూతపడి సెల్‌ఫోన్ల షాపు వచ్చిందని ఆ తర్వాత ఎవరో చెప్పారు. నేను మళ్ళీ సాక్సోఫోన్ పట్టలేదు. ఇప్పుడు ఒక మందుల కంపెనీకి పేషెంట్ల డేటా సరిచూసే ఉద్యోగం నాది. ఏ గడి ఖాళీగా ఉందో, ఎందుకు ఖాళీగా ఉందో కనిపెట్టడమే నా పని. ఆ పని బాగా చేస్తానని పేరు కూడా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో నేల మీద కూర్చుని ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా, ఎనిమిదేళ్ళలో మొదటిసారి, తిరగేశాను. మొదటి పేజీల్లో గళ్ళు కిక్కిరిసి ఉన్నాయి, స్వరాలు పట్టక అమ్మ అంచుల్లో కూడా రాసింది. సగానికొచ్చేసరికి అక్కడో కామా ఇక్కడో కామా. ఆ మూడో చలికాలం పేజీల్లో గడికి ఒకటి, తర్వాత రెండు. చివరి పేజీలో స్వరాలకంటే కామాలే ఎక్కువ, గుండ్రంగా, శ్రద్ధగా, ఒక్కటీ తప్పు పోకుండా. వెనకాల ఒక పేజీలో స్కేలుతో గీసిన పన్నెండు గళ్ళున్నాయి, పైన నా పేరుంది. అందులో ఏమీ లేదు. ఇప్పుడు కూర్చుని నింపినా వినడానికి ఆయన లేడు. నేను ఊదినా అది ఆయన కాదు, నేనూ కాదు. రెల్లు ముక్క తీసి చూస్తే నిలువునా చీలి ఉంది.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కళ్ళజోడు సర్దుకుని పుస్తకం చేతిలోకి తీసుకుని, ఉగాదికి నేను వాయించిన పేజీ తిప్పి, మెల్లగా, మిక్సీ లేకుండా, పాడటం మొదలుపెట్టింది. చెయ్యి తొడ మీద రెండుకి, నాలుగుకి పడుతోంది. ఎప్పుడు నేర్చుకుందో, ఒక్కసారి కూడా ఒకటికి పడలేదు. తోక ఉన్న గాంధారం దగ్గర గొంతు సరిగ్గా మూలిగింది. తొమ్మిదో గడికొచ్చి స్వరం మధ్యలో తుంచేసి ఆగింది. చెయ్యి మాత్రం కొడుతూనే ఉంది.

"అమ్మా, అక్కడ ఆగకు," అన్నాను.

"ఆగమనే రాసుంది కదే," అంది అమ్మ, పేజీ మీద నుంచి చూపు తిప్పకుండా.